నమూనా రైలుమార్గాల దృశ్యనిర్మాణ సామగ్రి: నక్కపల్లి పరిసరాలు

నమూనా రైలుమార్గం అంటే నిజమైన రైలుమార్గాన్ని, దానిపై నడిచే బండ్లను, దానిని ఆనుకుని ఉండే ఊళ్లను, పొలాలను, కొండలను ఒకే నిష్పత్తిలో కుదించి, బల్లమీద నడిచేటట్లు చేసిన నిర్మాణం. ఇందులో ఇంజన్లు, పట్టాలు, విద్యుత్ నియంత్రణ పరికరాలు సాధారణంగా కర్మాగారాల నుంచి తయారై వస్తాయి. నేల, రాయి, నీరు, చెట్టు, పంట, ఇల్లు మాత్రం చాలావరకు నిర్మాత చేతిమీదుగానే రూపొందుతాయి. ఈ రెండో భాగాన్ని దృశ్యనిర్మాణం అంటారు. దీనికి కావలసిన సామగ్రిని ఐరోపా, అమెరికా దేశాలలో ప్రత్యేక సంస్థలు పొట్లాలు కట్టి అమ్ముతున్నప్పటికీ, వాటిలో అధికభాగం రంపపు పొట్టు, రాతిపొడి, నార, ఎండుకొమ్మ, జిప్సం వంటి సామాన్య పదార్థాల నుంచి వచ్చినవే కాబట్టి, వాటికి సమానమైనవి ఏ ప్రాంతంలోనైనా వెతికి సంపాదించుకోవచ్చు. పదార్థం పనికివస్తుందా లేదా అన్నది దాని ధర మీద గాని, పేరు మీద గాని కాక, రేణువు పరిమాణం, రంగు, తేమకూ పురుగుకూ తట్టుకునే శక్తి అనే మూడు గుణాల మీద ఆధారపడుతుంది. అనకాపల్లి జిల్లాలోని నక్కపల్లి, దాని చుట్టుపక్కల ప్రాంతం ఈ సూత్రాన్ని పరిశీలించడానికి అనువైన ఉదాహరణ.

ప్రాంతం, దృశ్యం

నక్కపల్లి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా పునర్విభజనతో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఈ మండలం చేరింది. ఒకవైపు తూర్పు కనుమల నుంచి విడివడి వచ్చిన చిన్న కొండలు, మరొకవైపు బంగాళాఖాతం, నడుమ వరి, చెరకు పొలాలు, తాటి, కొబ్బరి తోపులు, జీడిమామిడి తోటలు, ఇసుక నేలల్లో సరుగుడు తోటలు ఉండడం వల్ల కొద్ది దూరంలోనే పలురకాల నేలలు, వృక్షజాతులు కనిపిస్తాయి. వేంకటేశ్వరుడు వెలసిన ఉపమాక కొండ ఈ మండలంలోనిదే.

ఈ ప్రాంతం మీదుగా సాగే హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం 1893–1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో విజయవాడ నుంచి కటక్ వరకు నిర్మితమైన మార్గంలో భాగం. ఎలమంచిలికీ తునికీ మధ్యనున్న నర్సీపట్నం రోడ్ స్టేషను, పేరుకు నర్సీపట్నానిదైనా ఆ పట్టణానికి దూరంగా ప్రధాన మార్గం మీద ఉంది. పసుపు పలక మీద నల్లని అక్షరాలతో ఊరిపేరు, ప్లాట్‌ఫారం, పైన విద్యుత్ తీగలు, వెనుక తాటిచెట్ల వరుస, దూరాన కొండలు గల ఇలాంటి స్టేషను నమూనా నిర్మాణానికి తగిన పరిమాణంలో ఉంటుంది.

కొలతలు, నిష్పత్తి

సామగ్రిని వెతకడానికి ముందు నిష్పత్తిని నిర్ణయించుకోవాలి. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న హెచ్‌వో నిష్పత్తి 1:87. బ్రిటన్‌లో ప్రచారంలో ఉన్న డబుల్ వో నిష్పత్తి 1:76.2, స్థలం తక్కువైనప్పుడు వాడే ఎన్ నిష్పత్తి 1:160. మొదటి రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. భారతీయ బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్ల వెడల్పు గలది కాబట్టి 1:87 లెక్కన దాదాపు 19.3 మిల్లీమీటర్లు ఉండాలి; అయినా చక్రాలు, ఇంజన్లు సులభంగా దొరకడం కోసం చాలామంది 16.5 మిల్లీమీటర్ల పట్టాలనే వాడి, ఆ తేడాను సహిస్తారు.

ఈ లెక్క ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది. 1:87 నిష్పత్తిలో 23.5 మీటర్ల పొడవైన ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె 27 సెంటీమీటర్లు అవుతుంది. ఇరవై పెట్టెల బండికి 5 మీటర్లకు పైగా నిడివి కావాలి కాబట్టి గదిలో పట్టే నమూనాలో బండిని, ప్లాట్‌ఫారాన్ని కుదించక తప్పదు. 15 మీటర్ల తాటిచెట్టు 17 సెంటీమీటర్లు, 3 మీటర్ల చెరకుగడ మూడున్నర సెంటీమీటర్లు, మీటరు ఎత్తు వరిపైరు ఒకటి పైచిలుకు సెంటీమీటరు అవుతాయి. 100 మీటర్ల కొండ 1.15 మీటర్ల ఎత్తు తీసుకుంటుంది కాబట్టి కొండలను సాధారణంగా సగం ఎత్తుకు తగ్గించడమో, వెనుక గోడమీద చిత్రించడమో జరుగుతుంది. పట్టాల కింది కంకరలో పెద్దరాయి పరిమాణం 65 మిల్లీమీటర్లు. నమూనాలో అది మిల్లీమీటరులో ముప్పాతిక వంతు మాత్రమే. కంటికి చిన్నగా కనిపించే బొంబాయిరవ్వ సైతం ఈ కొలతలో కంకరరాయి అవుతుందన్న అవగాహన సామగ్రి ఎంపికకు మొదటి మెట్టు.

చారిత్రక నేపథ్యం

జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో క్రమబద్ధమైన కొలతలు గల బొమ్మ రైలుమార్గాలను ప్రదర్శించడంతో రైలు బొమ్మ ఒక వ్యవస్థగా మారింది. తొలి దశలో బండి, పట్టాలే ప్రధానం. దృశ్యానికీ సమప్రాధాన్యం ఇచ్చిన వారిలో ఇంగ్లండులో మ్యాడర్ వ్యాలీ రైలుమార్గాన్ని నిర్మించిన జాన్ అహెర్న్, అమెరికాలోని కాలిఫోర్నియాలో గోరీ అండ్ డిఫీటెడ్ అనే ఊహాజనిత పర్వత రైలుమార్గాన్ని నిర్మించిన జాన్ అలెన్ ముఖ్యులు. అహెర్న్ నిర్మాణం ఇంగ్లండులోని పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అలెన్ నిర్మాణం 1973లో ఆయన మరణించిన కొద్దిరోజులకే అగ్నిప్రమాదంలో నాశనమైంది. కాగితపు తువ్వాళ్లను జిప్సం ద్రావణంలో ముంచి, ఆసరా మీద పరచి పలుచని గట్టి పెంకుగా కొండను తయారుచేసే పద్ధతికి అమెరికన్ పత్రికా సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ ప్రచారం కల్పించాడు. 2001లో జర్మనీలోని హాంబర్గులో ప్రారంభమైన మినియాటూర్ వుండర్‌లాండ్ ఈ కళకు నేటి భారీ నిదర్శనం. భారతదేశంలో 1998లో పుణెలో ప్రజల సందర్శనకు తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం పేరెన్నికగన్నది.

తెలుగునాట రైలుతో ప్రత్యక్ష సంబంధం లేకపోయినా, కుదించిన దృశ్యాన్ని కూర్చే అలవాటు బొమ్మల కొలువు రూపంలో చిరకాలంగా ఉంది. ఆంధ్ర ప్రాంతంలో చాలా ఇళ్లలో సంక్రాంతికి, మరికొన్ని ఇళ్లలో దసరాకు పెట్టే కొలువులో మెట్లమీద దేవతామూర్తులతోపాటు కింద మట్టి పరచి, ఆవాలో రాగులో చల్లి మొలకెత్తించి పచ్చని పొలంగా చూపడం, అద్దంముక్కతో చెరువు చేయడం, ఊరు, సంత, తోట అమర్చడం పరిపాటి. కొండపల్లి బొమ్మల్లోని గ్రామీణ దృశ్యాలు కూడా ఈ కోవలోనివే. ఈ సంప్రదాయం తాత్కాలికమైనది కావడం వల్ల మొలకల వంటి సజీవ పదార్థాలు అందులో ఇమిడాయి. ఏళ్ల తరబడి నిలవవలసిన రైలు నమూనాలో అవి కుదరవు.

ఆధారం, కొండలు

నమూనాకు అడుగున ఉండే బల్లను ఆధారపలక అంటారు. తీరప్రాంతపు తేమకు మామూలు ప్లైవుడ్ వంకర తిరుగుతుంది కాబట్టి, నీటికి తట్టుకునే జిగురుతో తయారైన ఐఎస్ 303 ప్రమాణపు బీడబ్ల్యూఆర్ పలకను గాని, ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ పలకను గాని ఎంచుకోవడం మేలు. అడుగున కలప చట్రం వేసి, పలక రెండు ముఖాలకూ, ముఖ్యంగా కోసిన అంచులకూ రంగో వార్నిషో పూయాలి.

కొండల ఆకృతికి థర్మోకోల్ పలకలు చవకైన ఆధారం. పెళ్లిపందిళ్లకు, వేదికలకు అలంకరణ చేసేవారి వద్ద, టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణాల్లో మిగిలిన ప్యాకింగులలో ఇవి దొరుకుతాయి. పలకలను ఒకదానిపై ఒకటి అంటించి, కత్తితోనో వేడితీగతోనో చెక్కుతారు. వేడితీగకు వెలువడే పొగ హానికరం కాబట్టి ఆ పని ఆరుబయట చేయాలి. ద్రావకం కలిసిన రబ్బరు జిగుర్లు థర్మోకోల్‌ను కరిగించివేస్తాయి. నీటితో పలుచబడే తెల్లజిగురే దీనికి తగినది. ఆకృతి కుదిరిన తరువాత పైపొరగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేస్తారు. విరిగిన ఎముకలకు కట్టు వేయడానికి మందుల దుకాణాల్లో అమ్మే ప్లాస్టర్ పట్టీ, విదేశాలలో కొండల కోసం ప్రత్యేకంగా అమ్మే జిప్సం గుడ్డకు సమానమైనదే. దానిని నీటిలో తడిపి పరిస్తే తక్కువ బరువులో గట్టి పొర ఏర్పడుతుంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి ముద్దలో చేతిని ఎక్కువసేపు ఉంచరాదు.

రాతిముఖాలకు నలిపిన అల్యూమినియం రేకునో, గరుకైన బొగ్గుముక్క మీద తీసిన రబ్బరు అచ్చునో వాడి ప్లాస్టర్ పోత పోస్తారు. ఇక్కడి కొండల్లో అధికంగా ఉండే ఖోండలైట్ అనే రూపాంతర శిల, అందులోని గార్నెట్, ఇనుప ధాతువుల కారణంగా ఎండకు వానకు శిథిలమై ఎరుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. కాబట్టి ఐరోపా నమూనాల్లోని బూడిదరంగు కొండను అనుకరించకుండా, కావిరంగు, పసుపుమన్ను, సన్నని నల్లచారలతో రంగు వేస్తేనే ఉపమాక ప్రాంతపు కొండగా గుర్తుపట్టగలుగుతారు. ఈ దృశ్యాన్ని కొండలోపలికి విస్తరింపదలచినవారికి 58 సొరంగాలతో అరకు లోయ మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గం దగ్గరి నమూనా.

మన్ను, ఇసుక, కంకర

నేలకు ఆ నేల మన్నే ఉత్తమ పదార్థం. పొలంగట్టు మట్టిని, ఎర్రనేల మట్టిని, పుట్టమన్నును తెచ్చి ఎండబెట్టి, పొడిచేసి, పిండి జల్లెడతో పట్టి, పెనం మీదనో పొయ్యి మీదనో వేయించాలి. అప్పుడే అందులోని విత్తనాలు, పురుగు గుడ్లు నశిస్తాయి. తెల్లజిగురు తడిలో మట్టి కొంచెం నల్లబడుతుంది కాబట్టి ముందుగా అట్టముక్క మీద అంటించి ఆరిన రంగు చూసుకోవడం మంచిది. కొబ్బరి పీచు ఒలిచేచోట మిగిలే పొట్టు, సన్నగా జల్లెడ పడితే తోటల్లోని ఆకు కుళ్లిన నేలగా చక్కగా ఒప్పుతుంది.

ఇసుక విషయంలో జాగ్రత్త అవసరం. సముద్రపు ఇసుకలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చి లోహాలను తుప్పు పట్టిస్తుంది. పైగా ఉత్తర కోస్తా తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, కొద్దిపాటి మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. వీటిలో అయస్కాంతానికి ఆకర్షితమయ్యే నల్లరేణువులు ఇంజన్ మోటారులోని అయస్కాంతానికి అంటుకుని దానిని పాడుచేస్తాయి. కాబట్టి వరాహ, తాండవ వంటి నదుల ఇసుకను మంచినీటిలో పలుమార్లు కడిగి, ఎండబెట్టి, కాగితం మీద పలుచగా పరచి, పైనుంచి గట్టి అయస్కాంతాన్ని కదిపి నల్లరేణువులను తీసివేసిన తరువాతే వాడాలి. తీర ఖనిజాల తవ్వకం మీద కేంద్ర ప్రభుత్వ నియంత్రణ ఉంది. భీమిలి వద్ద ఉన్న ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం కాబట్టి అక్కడి మట్టిని రంగు బాగుందని తీసుకోవడం తగదు.

పట్టాల కంకరకు రాళ్ల క్రషర్ వద్ద మిగిలే రాతిపొడి శ్రేష్ఠం. దానిని రెండు జల్లెడలతో పట్టి, ముప్పాతిక మిల్లీమీటరు కంటే పెద్దవి, పాతిక మిల్లీమీటరు కంటే చిన్నవి తీసివేస్తే మిగిలిన రవ్వ నిజమైన కంకరలాగే పదునైన అంచులతో ఉంటుంది. నది ఇసుక రేణువులు గుండ్రంగా అరిగి ఉంటాయి కాబట్టి దీనికి సాటిరావు. స్లీపర్ల మధ్య రవ్వను కుంచెతో సర్ది, తెల్లజిగురు ఒక పాలు, నీరు రెండు పాళ్లు, గిన్నెలు తోమే సబ్బునీరు ఒక చుక్క కలిపిన ద్రావణాన్ని సిరంజితో వదులుతారు. సబ్బు నీటి తలతన్యతను తగ్గించడం వల్ల ద్రావణం రవ్వను తేల్చివేయకుండా లోపలికి ఇంకుతుంది.

చెట్లు, పంటలు

ఈ ప్రాంత దృశ్యానికి గుర్తింపు నిచ్చేది తాటిచెట్టు. దుకాణంలో దొరికే కొబ్బరిచెట్టు బొమ్మ దానికి బదులు కాదు. కొమ్మలు లేని నిలువు మాను, పైన 25 నుంచి 40 వరకు విసనకర్రల్లాంటి ఆకులు, వాటి కింద వేలాడే ఎండుమట్టలు దీని లక్షణాలు. మీటరు నుంచి మీటరున్నర వెడల్పుండే ఆకు నమూనాలో 11–17 మిల్లీమీటర్ల వృత్తమవుతుంది. రెండువైపులా పచ్చరంగు వేసిన పలుచని కాగితాన్ని వృత్తాలుగా కత్తిరించి, విసనకర్ర మడతలు పెట్టి, అంచులను చీల్చి, సన్నని రాగితీగ కాడకు అంటించి, నూరిన బొగ్గుపొడి పూసిన వెదురుపుల్ల మానుకు గుచ్చితే తాటిచెట్టు సిద్ధమవుతుంది.

మర్రి, చింత, మామిడి, జీడిమామిడి వంటి గుబురు చెట్లకు అస్థిపంజరంగా పాత విద్యుత్ కేబుల్ నుంచి తీసిన సన్నని రాగితీగలను మెలిపెట్టి కొమ్మలుగా విడదీస్తారు; ఎండిన తులసి కొమ్మలు, మామిడిపూత కాడలు కూడా చిన్నచెట్లకు పనికివస్తాయి. ఆకులగుబురుకు పాత్రలు తోమే పీచు, పాతబడిన స్పాంజి, నేతిబీర పీచు వంటివి తుంపి, పైన రంగువేసిన రంపపు పొట్టు చల్లుతారు. సామిల్లులో ఉచితంగానో చవకగానో దొరికే పొట్టును జల్లెడ పట్టి, బట్టలకు వేసే రంగులో నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఒకే పచ్చరంగుకు బదులు మూడు నాలుగు ఛాయలు కలపడం, వేసవి దృశ్యానికి పసుపు పాలు పెంచడం సహజత్వాన్ని ఇస్తాయి. ఇప్పటి నమూనాల్లో నైలాన్ పోగులను విద్యుదావేశంతో నిలువుగా నాటి గడ్డిని సృష్టించే పద్ధతి ప్రాచుర్యం పొందింది. ఈ పోగులు, పరికరం మాత్రం ప్రత్యేక విక్రేతల వద్ద కొనవలసినవే.

పైర్లకు ఉత్తరాంధ్రలో పండే గోగునార, గోనెసంచి దారం, కొబ్బరిపీచు మంచి ముడిసరుకులు. నారను పచ్చరంగులో ముంచి, సెంటీమీటరు పొడవున కత్తిరించి, కుచ్చులుగా జిగురులో నాటితే వరిమడి అవుతుంది. చెరకుతోటకు మూడున్నర సెంటీమీటర్ల చీపురుపుల్లల తునకలకు కాగితపు ఆకులు తగిలిస్తారు. సరుగుడు చెట్టుకు పాత బట్టల కుంచె వెంట్రుకలను తీగలో మెలిపెట్టి, కొస సన్నగా వచ్చేటట్లు కత్తిరిస్తే సరిపోతుంది.

కట్టడాలు: ఏటికొప్పాక, కొండపల్లి పనితనం

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక లభించింది. రైటియా టింక్టోరియా అనే శాస్త్రనామం గల అంకుడుచెట్టు కర్రను తరిణ మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీని ఒత్తినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి రంగుపొరగా పరుచుకోవడం ఈ పనిలోని కీలకం. వృక్షజన్య రంగులను పునరుద్ధరించడంలో కృషిచేసిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటానికి ఈ బొమ్మలే ఇతివృత్తమయ్యాయి.

అంకుడు మెత్తగా, సన్నని పోగుతో, తెల్లగా ఉండి పగలకుండా చెక్కుడు పడుతుంది కాబట్టి రైలు నమూనాలో గుండ్రని రూపం గల ప్రతిదానికీ అనువైనది: నీళ్ల ట్యాంకు, నూనె పీపాలు, స్టేషను స్తంభాలు, గుడి కలశం, బావిగట్టు. తరిణ పనివారివద్ద మిగిలే తునకలతోనే ఇవి చేయించుకోవచ్చు. అయితే లక్క మెరుపు దూరపు వస్తువులను బొమ్మల్లాగే చూపుతుంది. దృశ్యానికి కావలసింది మెరుపు లేని రంగు కాబట్టి లక్కపూత లేని చెక్కుడును తీసుకుని నీటిరంగులు వేయాలి. అంకుడు కర్ర కొరత ఈ వృత్తికి ఉన్న ప్రధాన సమస్య కావడంవల్ల, కొత్త దుంగకంటే తునకలను వినియోగించడమే ఉచితం.

కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్ర భాగాలను అతికించడానికి, లోపాలు పూడ్చడానికి వాడే మక్కు మరొక విలువైన సంప్రదాయ పదార్థం. చింతగింజల పిండిని ఉడికించి, సన్నని రంపపు పొట్టు కలిపి చేసే ఈ ముద్దను ఇటుక గోడలకు, పొలంగట్లకు, మట్టిబాటలకు రూపమివ్వడానికి వాడవచ్చు; ఆరిన తరువాత దానిని చెక్కవచ్చు, గరుకు కాగితంతో నున్నగా చేయవచ్చు.

స్టేషను భవనం వంటి సరళ గోడలకు వాస్తుశిల్పులు నమూనాలకు వాడే సన్‌బోర్డు, పెళ్లిపత్రికల మందపు అట్ట, దుస్తుల పెట్టెల అట్ట సరిపోతాయి. మంగుళూరు పెంకుల కప్పుకు గాడులు గల ప్యాకింగు అట్టను, రేకుల కప్పుకు అల్యూమినియం రేకును గుండ్రని పుల్లమీద ఒత్తి వాడతారు. తీరంలోని మత్స్యకార గ్రామాలకు సొంతమైన చుట్టిళ్లకు, అంటే తుపాను గాలికి తట్టుకునేలా గుండ్రని గోడమీద నేలను తాకేంత కిందికి దించిన తాటాకు కప్పు గల ఇళ్లకు, తాటినార తునకలను కింది వరుస నుంచి పైకి ఒకదానిపై ఒకటి పేర్చి అంటించాలి. విద్యుత్ మార్గపు స్తంభాల మధ్య గరిష్ఠ దూరం నేరుమార్గంలో 72 మీటర్లు, అంటే నమూనాలో 83 సెంటీమీటర్లు. చిన్న నమూనాలో దీనిని 30–40 సెంటీమీటర్లకు కుదించడం ఆనవాయితీ.

నీరు, రంగులు, మాలిన్యం

చెరువుకు, వరిమడికి అడుగున ముదురు రంగు వేసి, మెరిసే వార్నిషును పలుచని పొరలుగా, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరనిచ్చి వేయడం చవకైన పద్ధతి. హార్డ్‌వేర్ దుకాణాల్లో, చేతిపనుల సామగ్రి అమ్మేచోట్ల దొరికే ఎపాక్సీ రెసిన్ లోతైన నీటికి బాగుంటుంది గాని, ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగుళ్లు ఇస్తుంది.

వాడుకలోని మార్గం కొత్తగా ఉండదు: పట్టాల పక్క తుప్పు మరకలు, ఇంజన్ నూనె చారలు, గోడలమీద వాన చారలు కనిపించాలి. ఇందుకు విదేశీ రంగుపొడుల బదులు పూజాద్రవ్యాల దుకాణంలో దొరికే కావి, ముగ్గురంగులు, గోడసున్నం, కట్టెబొగ్గు పొడి మెత్తని కుంచెతో అద్ది, పైన మెరుపు లేని వార్నిషు చల్లితే నిలుస్తాయి. తుప్పుకు కావి, పొగచారకు బొగ్గు, దుమ్ముకు స్థానిక మన్ను వాడినప్పుడు రంగులు ఒకదానితో ఒకటి పొసగుతాయి.

సంరక్షణ, సేకరణ పరిమితులు

కోస్తా వాతావరణంలో సేంద్రియ పదార్థాలకు బూజు, చెద, పుచ్చుపురుగు, చీమలు శత్రువులు. రవ్వ, పిండి, టీపొడి వంటి ఆహారపదార్థాలు మొదట అందంగా కనిపించినా త్వరగా పురుగు పడతాయి. చింతపిండి ముద్దకు, మైదాజిగురుకు పుస్తకాల బైండింగువారు వాడినట్లు చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అయితే అది విషపదార్థం, పైగా ఇనుముతో రసాయనచర్య జరుపుతుంది కాబట్టి పిల్లలకూ, ఇనుప భాగాలకూ దూరంగా ఉంచాలి. నికెల్–వెండి అని పిలిచే రాగి, నికెల్, జింకు మిశ్రమలోహపు పట్టాలు ఇనుప పట్టాలకంటే తీరప్రాంతానికి అనువైనవి. నారను, కొమ్మలను వాడకముందు బోరిక్ పౌడరు ద్రావణంలో ముంచి ఆరబెట్టడం, నమూనాను నేలకు తాకకుండా కాళ్ల మీద నిలపడం, వానకాలంలో పలుచని ప్లాస్టిక్ తెరతో కప్పి ఉంచడం తప్పనిసరి జాగ్రత్తలు.

సేకరణలో కిరాణా, హార్డ్‌వేర్, మందుల, ఎలక్ట్రికల్ దుకాణాలు, సామిల్లు, క్రషర్, తరిణ పనిచోటు నాలుగైదు గంటల్లో తిరిగిరాగల దూరంలోనే ఉండటం నక్కపల్లి ప్రాంతపు అనుకూలత. ఇంకా బయటినుంచి తెప్పించుకోవలసినవి కొద్దే: పట్టాలు, ఇంజన్లు, విద్యుదావేశపు గడ్డి పోగులు, 1:87 మనుషుల బొమ్మలు. చివరివి యూరోపియన్ దుస్తుల్లో వస్తాయి కాబట్టి, మక్కుతో పంచె మడతలు, పలుచని కాగితంతో చీర కొంగు చేర్చి స్థానిక ప్రయాణికులుగా మార్చే పని నిర్మాతదే అవుతుంది.